లెక్కలో కనిపించని 82 సెకన్లు

సెన్సర్ రీడింగుల ఫైల్ చదివి, లెక్కలు కట్టి, చివర్లో ఒక పట్టిక తయారుచేసే సీ ప్రోగ్రామ్ నాది. ఫైల్ సైజు 12 ఎంబీ, సుమారు 2 లక్షల లైన్లు. అది పూర్తవడానికి 1 నిమిషం 39 సెకన్లు పట్టేది. ఏదైనా చిన్న మార్పు చేసి సరిచూసుకోవాలంటే ప్రతిసారీ అంతసేపు ఆగాలి. రోజుకు ఇరవై ముప్పై సార్లు అలా ఆగేసరికి పని మీద ధ్యాసే పోయేది.

ఏది నెమ్మదిగా ఉందో నాకు తెలుసనే అనుకున్నాను. మధ్యలో ఒక బరువైన లెక్క ఉంది, వర్గమూలాలు, భాగహారాలు అన్నీ అందులోనే. అయినా ఊహ మీద ఆధారపడకూడదని జీప్రాఫ్ వాడాను. ప్రోగ్రామ్‌లో ఏ ఫంక్షన్‌కి, అంటే ఏ కోడ్ ముక్కకి, ఎంత సమయం పడుతోందో కొలిచే ప్రొఫైలర్ అది, 1982 నుంచి ఉన్న పాత పనిముట్టు. మైనస్ పీజీ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే (మెషీన్ భాషలోకి మారిస్తే), ప్రతి ఫంక్షన్ మొదట్లో కంపైలర్ ఒక చిన్న కాల్ పెడుతుంది. ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు పిలిచారో దాంతో తెలుస్తుంది. సమయాన్ని మాత్రం వేరుగా, సెకనుకు 100 సార్లు తొంగిచూసి అంచనా కడుతుంది. ప్రోగ్రామ్ ముగిశాక జీమాన్ డాట్ అవుట్ అనే ఫైల్ మిగులుతుంది, దాన్ని జీప్రాఫ్ చదివి పట్టిక ఇస్తుంది.

పట్టికలో మొదటి వరుస నేను అనుమానించిన ఫంక్షనే. 67 శాతం. ఇంకేం కావాలి? రెండు వారాంతాలు కూర్చుని దాన్ని తిరగరాశాను. నిజంగానే 11 సెకన్ల పని 8 సెకన్లకు దిగింది. కానీ మొత్తం ప్రోగ్రామ్ 1 నిమిషం 36 సెకన్ల దగ్గర ఆగిపోయింది. 67 శాతం సమయం తినే ఫంక్షన్‌ని అంత తగ్గిస్తే మొత్తం మీద 3 సెకన్లే తగ్గడమేమిటి? రాత్రంతా అదే టెన్షన్.

మర్నాడు టీమ్‌లో సీనియర్ ఒకావిడకు ఆ పట్టిక చూపించాను. ఆవిడ శాతాల వైపు చూడనే లేదు.

"ఈ సెకన్లన్నీ కూడితే ఎంత వచ్చింది?" అన్నారు.

"మొదటిసారి పదహారున్నర మేడమ్."

"మరి గడియారం ఎంత చెప్పింది?"

"99."

"మిగతా 82 ఎక్కడికి పోయాయో ముందు అది చూడు."

రెండు వారాలుగా నా కళ్ల ముందున్న అంకెలే అవి. జీప్రాఫ్ సమయం లెక్కపెట్టేది నా సొంత ప్రోగ్రామ్ కోడ్‌కి మాత్రమే. విడిగా లోడ్ అయ్యే షేర్డ్ లైబ్రరీలలో, అంటే సీ లైబ్రరీలాంటి వాటిలో, గడిచిన సమయం దాని లెక్కలోకి రాదు. అది చెప్పిన 67 శాతం అబద్ధం కాదు. పదహారున్నర సెకన్లలో 67 శాతం, అంతే.

అప్పుడు పెర్ఫ్ దగ్గరకు వెళ్లాను. లైనక్స్ కెర్నల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయతో, పాటే వచ్చే ప్రొఫైలర్ ఇది, 2009లో 2.6.31 వెర్షన్‌తో మొదలైంది. దీనికి ప్రోగ్రామ్‌ను ప్రత్యేకంగా కంపైల్ చేయక్కర్లేదు. నడుస్తున్న ప్రాసెసర్‌ను నిర్ణీత వ్యవధుల్లో ఆపి, ఆ క్షణంలో ఏ ఇన్‌స్ట్రక్షన్ మీద ఉందో రాసుకుంటుంది. అది మన ఫంక్షన్ కావచ్చు, లైబ్రరీ కావచ్చు, కెర్నల్ కావచ్చు.

కానీ మొదటి కమాండ్‌కే అనుమతి లేదంది. పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ అనే కెర్నల్ సెట్టింగ్ ఒకటి ఉంటుంది. ఆ విలువ ఎంత ఎక్కువైతే మామూలు యూజర్‌కి అంత తక్కువ కనిపిస్తుంది. నా మెషీన్‌లో 4 ఉంది. కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్ కమాండ్‌తో దాన్ని 1 చేశాను. ఇలా మార్చింది రీబూట్ అయ్యేవరకే ఉంటుంది కాబట్టి, నా సొంత మెషీన్ మీద అభ్యంతరం అనిపించలేదు. పదిమంది వాడే సర్వర్ మీదైతే అడగకుండా ముట్టుకోను.

కంపైల్ ఆప్షన్లలో కోడ్‌ను వేగవంతం చేసే మైనస్ ఓ2 అలాగే ఉంచి, డీబగ్ సమాచారం చేర్చే మైనస్ జీ మాత్రం చేర్చాను. ఆప్టిమైజేషన్ తీసేసి కొలిస్తే మనం కొలిచేది వేరే ప్రోగ్రామ్‌ని. తర్వాత పెర్ఫ్ రికార్డ్‌ని సెకనుకు 99 శాంపిళ్ల లెక్కన నడిపాను. 100 అని గుండ్రంగా ఎందుకు ఇవ్వరంటే, ప్రోగ్రామ్‌లోనో కెర్నల్‌లోనో సరిగ్గా అదే లయలో జరిగే పని ఏదైనా ఉంటే ప్రతి శాంపిల్ దాని మీదే పడవచ్చు, లేదా ఒక్కటీ పడకపోవచ్చు. 99 ఇస్తే ఆ తాళం తప్పుతుంది.

పెర్ఫ్ రిపోర్ట్ తెరవగానే మొదటి వరుసలో 78 శాతం. నేను రాయని ఫంక్షన్ అది. స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఎక్కడ ముగుస్తుందో వెతికే సీ లైబ్రరీ ఫంక్షన్. రెండు వారాంతాలు నేను చెక్కిన లెక్క ఎక్కడో కింద, 8 శాతం దగ్గర ఉంది. దాన్ని పూర్తిగా సున్నా చేసినా ఆదా అయ్యేది 8 సెకన్లేనన్నమాట.

ఆ వెతుకులాట నా కోడ్‌లో ఎక్కడి నుంచి మొదలవుతోంది? నేను స్ట్రింగ్ పొడవు ఎక్కడా అడగలేదు. ఎవరు ఎవర్ని పిలిచారో చూద్దామని కాల్ గ్రాఫ్ అడిగితే గొలుసు మధ్యలోనే తెగిపోయింది. ఆప్టిమైజ్ చేసేటప్పుడు ఎవరు పిలిచారో వెనక్కి వెతకడానికి పనికొచ్చే ఫ్రేమ్ పాయింటర్‌ను కంపైలర్ తీసేస్తుంది, నా మెషీన్‌లోని సీ లైబ్రరీ కూడా అలా కంపైల్ అయిందే. అందుకని డీబగ్ సమాచారం ఆధారంగా గొలుసు కట్టే డ్వార్ఫ్ పద్ధతి అడిగాను. అందులో ప్రతి శాంపిల్‌తో పాటు స్టాక్‌లో (ఫంక్షన్ పిలుపులు నమోదయ్యే మెమరీలో) 8 కేబీ ముక్కను కాపీ చేసి పెట్టుకుని, తర్వాత తీరిగ్గా గొలుసు కడతారు. డేటా ఫైల్ 75 ఎంబీ దాటింది, రిపోర్ట్ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. కానీ గొలుసు పూర్తిగా కనిపించింది: ఆ ఫంక్షన్‌ను పిలిచింది స్ట్రింగ్‌లోంచి అంకెలు తీసే ఎస్‌స్కాన్‌ఎఫ్ అనే లైబ్రరీ ఫంక్షన్, దాన్ని పిలిచింది లైన్లు చదివే నా ఫంక్షన్.

నేను ఫైల్ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తెచ్చుకుని, ఒక్కో లైన్ మొదటికి పాయింటర్ జరుపుతూ ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో మూడేసి అంకెలు తీసుకునేవాణ్ణి. నా సీ లైబ్రరీలోని ఎస్‌స్కాన్‌ఎఫ్ పని మొదలుపెట్టేముందు స్ట్రింగ్ చివర ఎక్కడుందో వెతుక్కుంటుంది. దాని దృష్టిలో స్ట్రింగ్ అంటే నా లైన్ కాదు, అక్కడి నుంచి ఫైల్ చివరిదాకా ఉన్నదంతా. మొదటి లైన్‌కి 12 ఎంబీ నడక, సగానికి వచ్చేసరికి ఇంకా 6 ఎంబీ. 2 లక్షల లైన్లకు సగటున 6 ఎంబీ చొప్పున మొత్తం 1.2 టెరాబైట్లు చదివి, 12 ఎంబీ ఫైల్‌ని అర్థం చేసుకుంటోంది నా ప్రోగ్రామ్.

దీనికి ఒక ఆనవాలు ముందే కనిపించింది. ఒకసారి సగం ఫైల్‌తో నడిపితే 29 సెకన్లలో అయిపోయింది. సగం పనికి సగం సమయం పట్టాలి కదా, మూడో వంతు కన్నా తక్కువే పట్టింది. పని పరిమాణంతో పాటు సమయం వర్గంలా పెరుగుతోందనడానికి అది చాలు. సంతోషించి ఊరుకున్నాను, ఎందుకని అడగలేదు.

ఎస్‌స్కాన్‌ఎఫ్ తీసేసి స్ట్ర్‌టోడీ పెట్టాను. అది ఒక అంకె చదివి, ఎక్కడ ఆగిందో పాయింటర్ తిరిగి ఇస్తుంది, స్ట్రింగ్ చివరిదాకా పోదు. మార్చింది తొమ్మిది లైన్లు. 96 సెకన్లు 21 అయ్యాయి. నమ్మలేక మళ్లీ నడిపాను, అవుట్‌పుట్‌ను పాతదానితో డిఫ్ చేశాను. తేడా లేదు.

ఆ ఊపులో మళ్లీ కొలిచాను. ఒకటి తీసేశాక శాతాలన్నీ మారిపోతాయి కాబట్టి పాత రిపోర్ట్ చూస్తూ కూర్చోవడం అనవసరం. ఈసారి కనిపించింది పట్టికను నిలువు వరుసల వారీగా కూడే చిన్న లూప్, నాలుగున్నర సెకన్లు. చూడ్డానికి ఒక్క కూడికే. ప్రాసెసర్ మొత్తం లెక్కలు చూపే పెర్ఫ్ స్టాట్‌తో చూస్తే ఈ భాగంలో ఒక్కో ప్రాసెసర్ సైకిల్‌కి సగటున 0.3 ఇన్‌స్ట్రక్షన్లే పూర్తవుతున్నాయి, అంటే ప్రాసెసర్ ఎక్కువ భాగం మెమరీ కోసం ఎదురుచూస్తోంది. పట్టిక 3000 వరుసలు, 3000 నిలువులు. సీలో అడ్డవరుసలు వరుసగా ఉంటాయి కాబట్టి, నిలువుగా దిగితే ప్రతి అడుగూ 24,000 బైట్ల దూకుడు. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కసారిగా తెచ్చుకునే ముక్క, అంటే 64 బైట్ల క్యాష్ లైన్, తెచ్చుకుని అందులో 8 బైట్లు మాత్రమే వాడుకుంటున్నాను. ఇన్‌స్ట్రక్షన్ల వారీగా చూపే పెర్ఫ్ యానొటేట్ మాత్రం కూడిక ఇన్‌స్ట్రక్షన్‌నే వేలెత్తి చూపింది. శాంపిల్ కొంచెం ఆలస్యంగా పడుతుంది కాబట్టి అసలు దోషి దాని పైనున్న మెమరీ లోడ్ అయ్యుంటుందని చదువుకోవాలి. లూపులు రెండూ లోపలిది బయటికి మార్చగానే ఆ భాగం సెకనులోపుకు వచ్చింది.

ఆ తర్వాత పెర్ఫ్ మీద నాకు ఎంత నమ్మకం కుదిరిందంటే, వేరే ప్రోగ్రామ్ నెమ్మదించినప్పుడు కూడా నేరుగా దాన్నే నడిపాను. ఫలితాలను 5,000 లైన్లుగా ఫైల్‌లో రాసే ప్రోగ్రామ్ అది, 52 సెకన్లు పడుతోంది. రిపోర్ట్‌లో అంకెల్ని అక్షరాలుగా మార్చే ఫంక్షన్ పైన ఉంది. దాని మీద చెయ్యి వెయ్యబోయి, ఆవిడ మాట గుర్తొచ్చి కింద మొత్తం శాంపిళ్లు చూశాను. సుమారు 200. సెకనుకు 99 చొప్పున 52 సెకన్లకు 5,000 పైన ఉండాలి. టైమ్ కమాండ్‌తో నడిపితే రియల్ (గడియారం సమయం) 52, యూజర్ (ప్రాసెసర్ మీద నడిచిన సమయం) 2. మిగతా 50 సెకన్లు ప్రోగ్రామ్ నడవలేదు, ఎక్కడో నిద్రపోతోంది. ప్రాసెసర్ మీద లేని ప్రోగ్రామ్ పెర్ఫ్ మామూలు శాంపిళ్లకు దొరకదు.

ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగే పనులు, అంటే సిస్టమ్ కాల్స్, చూద్దామని వాటిని లెక్కపెట్టే స్ట్రేస్‌ను మైనస్ సీ తో నడిపితే అక్కడా అన్నీ చిన్న అంకెలే. మాన్యువల్ చదివితే తెలిసింది, ఆ పట్టికలో చూపేది కెర్నల్ ఖర్చుపెట్టిన ప్రాసెసర్ సమయం, ఎదురుచూసిన సమయం కాదు. మైనస్ డబ్ల్యూ కూడా చేరిస్తే గడియారం ప్రకారం చూపిస్తుంది. చేర్చాను. ఎఫ్‌సింక్, 5,000 కాల్స్, ఒక్కోటి 10 మిల్లీసెకన్లు. ప్రతి లైన్‌కీ డిస్క్ మీదకు చేరిందా అని ఆగి నిర్ధారించుకుంటోంది.

500 లైన్లకు ఒకసారి ఎఫ్‌సింక్ అయ్యేలా మార్చాను, 3 సెకన్లలోపు అయిపోతోంది. మధ్యలో కరెంట్ పోతే గరిష్ఠంగా చివరి 500 లైన్లు పోవచ్చు. ఇన్‌పుట్ ఫైల్ ఎలాగూ ఉంటుంది, మళ్లీ నడిపితే అవి తిరిగి వస్తాయి కాబట్టి ఇక్కడ అది సరిపోతుందని నిర్ణయించుకుని, ఆ కారణం కోడ్‌లో కామెంట్‌గా రాసి పెట్టాను.