ఈవీ మోటార్ బేరింగ్: నంబర్ ఒక్కటే చాలదు

బేరింగ్ మీద ఉండే 6204 అన్న నంబర్ దాని రకం, కొలతలు మాత్రమే చెబుతుంది: లోపల 20, బయట 47, మందం 14 మిల్లీమీటర్లు. అసలు సంగతి నంబర్ తర్వాత వచ్చే గుర్తుల్లో ఉంటుంది. సీ3 అంటే లోపలి వదులు మామూలుకన్నా ఎక్కువ, షాఫ్ట్ (మోటార్‌లో తిరిగే కడ్డీ) వేడెక్కినా బాల్స్ బిగుసుకోవు. పాతది సీ3 అయితే కొత్తదీ అదే తీసుకోండి. 2ఆర్ఎస్ రబ్బరు సీలు దుమ్మునీ నీళ్లనీ బాగా ఆపుతుంది గానీ, రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి వేగపరిమితి తక్కువ. మోటార్ గరిష్ఠ ఆర్‌పీఎం చూసుకోవాలి.

పాత బేరింగ్ రేసు (బాల్స్ దొర్లే గాడి) మీద దగ్గరదగ్గరగా అడ్డచారలున్నాయా? ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని మోటార్‌కి ఏసీగా మార్చేది) వల్ల పుట్టిన షాఫ్ట్ కరెంటు బేరింగ్ గుండా పోయిందని అనుమానించాలి. మళ్లీ స్టీల్ బాల్స్‌దే వేస్తే అదే గతి. కరెంటును పోనివ్వని సిరామిక్ బాల్స్ ఉన్న హైబ్రిడ్ బేరింగ్‌కి మారాలి, కుదిరితే షాఫ్ట్ కరెంటును బేరింగ్ గుండా కాకుండా మోటార్ బాడీకి పంపే గ్రౌండింగ్ బ్రష్ కూడా పెట్టాలి.

షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగునే నొక్కాలి. బయటి రింగు మీద సుత్తి వేస్తే రేసులో గుంటలు పడి, కొత్త బేరింగే గోల చేస్తుంది.