మే నెలలో చూస్తే బీల బీడే

"నీ ఊరి సంగతి నువ్వు చెప్పొద్దు, చిత్రం చెప్పేదే రాయి" అన్నాడు మా టీమ్ లీడ్, అందరి ముందూ. డచ్చివాళ్లు ఏదైనా మొహం మీదే అనేస్తారు. అన్న కాసేపటికే కాఫీ తెచ్చిచ్చి వీకెండ్‌కి ఎక్కడికెళ్తున్నావని అడుగుతాడు. వాళ్లకు అక్కడితో సరి. నాకు మాత్రం రాత్రి అన్నం తింటున్నా అదే మాట. మన దగ్గరైతే తిట్టినవాడు రెండ్రోజులు మొహం చాటేస్తాడు. ఆ మాత్రం మర్యాదైనా ఉంటుంది.

శాటిలైట్ చిత్రాల మీద ఏది నీరు, ఏది పంట, ఏది బంజరు అని గుర్తులు పెట్టడం మా పని. వాటిని చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ అంటే 10 మీటర్ల చదరం, మన లెక్కలో సుమారు రెండున్నర సెంట్లు. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను, అంటే కంటికి ఆనని ఒక రకం వెలుగును, నీరు మింగేస్తుంది కాబట్టి నల్లగా పడుతుంది. పచ్చని ఆకు దాన్నే తిప్పికొడుతుంది, మేం వాడే రంగుల్లో అది ఎరుపు. ఉద్దానం కొబ్బరితోటలైతే కుంకుమ ఆరబోసినట్టుంటాయి.

ఆ రోజు నా వంతుకొచ్చిన ముక్క శ్రీకాకుళం జిల్లాలో మా సోంపేట తీరం. చిత్రం మే నెలది. బీల, అంటే వానలకి నీళ్లు నిలిచే పల్లపు నేల, ఉన్న మేర అంతా బూడిదరంగు. నేను చిత్తడి నేల అని రాశాను, లీడ్ కొట్టేసి బంజరు అని పెట్టాడు.

నిజమే, చిత్రంలో నీటిచుక్క లేదు. కానీ అది మే నెల చిత్రమే ఎందుకైంది? మబ్బులేని వాటినే ఏరుకుంటారు కాబట్టి. మనవైపు బీల నిండేది వానాకాలంలో, ఆపైన తుఫాన్లకి. అప్పుడు ఆకాశమంతా మబ్బే. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఈ శాటిలైట్‌కి బీల చాలావరకు కనపడదు, బాగా కనపడే ఎండాకాలానికి నీళ్లుండవు.

బంజరు అంటే నాకు ఒళ్లు మండటానికి వేరే కారణం ఉంది. బీలను పనికిరాని భూమి కింద చూపించే కదా అక్కడ థర్మల్ ప్లాంటు పెట్టబోయారు! 2010 జులై 14న, ప్లాంటు వద్దని అడ్డుకున్నవాళ్ల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని, అలాంటి అనుమతుల మీద అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసిందీ ఆ రోజే. అలాంటి నేల మీద మళ్లీ అదే ముద్ర నా చేత్తో వేయమంటే ఎలా?

పోనీ, వీళ్లు మాత్రం చిత్రాన్నే నమ్ముతారా? స్కోక్లాండ్ అని ఇక్కడ నెదర్లాండ్స్‌లో ఒకటుంది. ఒకప్పటి దీవి. 1942 నాటికి చుట్టూ నీరంతా తోడేయడంతో పొలాల మధ్య మిగిలిపోయింది, 1995లో యునెస్కో జాబితాకెక్కింది. తిన్నటి చేల నడుమ అదొక్కటే వంకరగా కనపడుతుంది. మా లీడ్ దాన్ని చూపించి, ఇదిగో ఇక్కడిదాకా అలలొచ్చేవి అని ఎంతసేపైనా చెబుతాడు. ఆ అలలు ఏ చిత్రంలో ఉన్నాయి నాయనా?

ఈ మాట పైకి అనలేదు. ఇంటికి ఫోన్ చేసి, నిరుడు బీలలో నీళ్లు ఎన్నాళ్లున్నాయని అడిగాను.

"ఏటిరా, పైనుంచి చూసే ఉద్యోగం నీది, అడిగేది నన్నా?" అని నవ్వి, "దసరాకి మోకాలి లోతు. గేదెలు లోపలికి దిగింది సంక్రాంతి దాటినాకనే గదా" అన్నాడు నాన్న.

ఆ నెలల సెంటినెల్-1 చిత్రాలు తీశాను. అది రాడార్, మబ్బుతో దానికి పనిలేదు. కదలని నీటి మీద పడ్డ సిగ్నల్ పక్కకు జారిపోతుంది, అందుకని అక్కడ నలుపు. తుంగ మొలిచిన చోట మాత్రం నీటికీ కాడలకీ తగిలి వెనక్కొచ్చి తెల్లగా మెరుస్తుంది, అక్కడ వాదన తెగదు. అయినా ఆగస్టు నుంచి జనవరి దాకా వరసగా పెడితే బీల నిండటం, తీయటం రెండూ తెలిశాయి. లీడ్ ఒక్కొక్కటీ చూశాడు. లేబుల్ సీజనల్ చిత్తడి అని మార్చాడు. సారీ లేదు, శభాష్ లేదు. "శుక్రవారానికి మిగతా తీరమంతా ఇలాగే చేసెయ్" అన్నాడు.

తరువాతి ముక్క నౌపడ. ఉప్పు మడులూ చదరాలే, రొయ్యల చెరువులూ చదరాలే. అటువైపు సంగతి నాన్నకి తెలియదు, టెక్కలి మావయ్యకి చేయాలి.