చలికాలం నిద్రలో కారు, ట్యాంకులో పాత పెట్రోల్

కారు మూసేముందు

నా కారుది టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్, 98 ఆక్టేన్ పెట్రోల్ తప్ప ఒప్పుకోదు (ఆక్టేన్ అంటే పెట్రోల్ తనంతట తాను పేలకుండా ఎంత తట్టుకుంటుందనే కొలత). బ్యాటరీకి ఛార్జ్ పడిపోకుండా చూసే మెయింటైనర్ తగిలించాను, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పట్టించాను. ఆ రెండింటి గురించి ఇంతకు మించి చెప్పేదేం లేదు. టెన్షనంతా ట్యాంకు గురించే.

ముందు స్టెబిలైజర్, అంటే పెట్రోల్ త్వరగా పాడవకుండా ఆపే మందు, పోసి, ఆ తర్వాతే పెట్రోల్ పట్టించాను. అలా అయితే దానంతటదే బాగా కలుస్తుంది. నాజిల్ ఒకసారి ఆగాక ఇంకా కుక్కి నింపలేదు. పొంగినది ఆవిరిని పట్టే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి పోతే దాని పని అంతటితో సరి. తర్వాత కారును కాసేపు రోడ్డు మీద తిప్పాను, మందు కలిసిన పెట్రోల్ హై ప్రెజర్ పంపు దాకా, ఇంజెక్టర్ల దాకా వెళ్లాలి కదా. ఈ మందు తాజా పెట్రోల్‌కే పనికొస్తుంది. పాడైనదాన్ని మళ్లీ బాగుచెయ్యదు.

నీళ్ల భయం ఎంతవరకు నిజం

సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ చేరి, పెట్రోల్‌లోని ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు దిగిపోతుందని అందరూ భయపెడతారు. లెక్క వేసి చూశాను. 60 లీటర్ల ట్యాంకులో 30 లీటర్ల గాలి ఉందనుకుందాం. 20 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన ఘనమీటరు గాలిలో ఉండే నీరు 17 గ్రాములు. అంటే మన 30 లీటర్లలో అర గ్రామే. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ ఆ వేడి దగ్గర సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు, 30 లీటర్లకు 150 మిల్లీలీటర్లు. చలి పెరిగితే ఈ సామర్థ్యం తగ్గుతుంది, అయినా తేడా చాలా ఉంది. మూత రబ్బరు పోయి వాననీరు దిగితే తప్ప ఆ ప్రమాదం రాదు. ఒకవేళ వస్తే మాత్రం పంపు పీల్చేది అడుగున చేరిన ఆ నీళ్ల ఇథనాల్‌నే, పైన మిగిలే పెట్రోల్‌కేమో ఆక్టేన్ పడిపోయి ఉంటుంది.

అసలు నష్టాలు రెండు. బ్యూటేన్ లాంటి తేలికైన భాగాలు ఆవిరైపోతాయి, దాంతో చల్లటి ఇంజిన్ మొరాయిస్తుంది. పెట్రోల్‌లో ఓలెఫిన్లు అనే త్వరగా చర్య జరిపే భాగాలు ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లు, ఆ తర్వాత జిగురు అవుతాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 228 ప్రకారం కొత్త పెట్రోల్‌లో ఆ జిగురు 100 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. పది డిగ్రీలు తగ్గితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు సగమవుతుంది. ఆ లెక్కన చలికాలమే నయం, వేసవిలో నిలిపి ఉంచడమే ఎక్కువ చేటు.

నడి చలికాలం

ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు. పది నిమిషాల ఐడిలింగ్‌తో ఆయిల్ సరిగా వేడెక్కదు. నీళ్లూ పెట్రోలూ ఆయిల్లోకి చేరడం తప్ప లాభం లేదు. "అప్పుడప్పుడూ స్టార్ట్ చేస్తుండు" అనే సలహా ఎంత పాతదో అంత పనికిమాలినది.

మళ్లీ బయటికి

ఇగ్నిషన్ ఆన్ చేసి, పంపు ప్రెజర్ నింపేదాకా ఆగి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేశాను. సెల్ఫ్ మామూలు కన్నా కాస్త ఎక్కువసేపు తిరిగింది, అంతే. ఓబీడీ రీడర్‌లో (కారు కంప్యూటర్ లెక్కలు చూపే పరికరం) ఫ్యూయల్ ట్రిమ్, అంటే పెట్రోల్ మోతాదు సవరణ, మొదట మైనస్‌లోకి దిగింది. క్యానిస్టర్‌లో పోగైన ఆవిరిని ఇంజిన్ ఒక్కసారిగా పీల్చుకుంటుంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంజెక్టర్ల పెట్రోల్ తగ్గించింది. కొన్ని నిమిషాల్లో సర్దుకుంది. అది చూసి ఇంజెక్టర్ చెడిందని విప్పదీసేవాళ్లున్నారు, దయచేసి ఆగండి.

నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తాను పేలడం) వల్ల ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగిన జాడ నెమ్మదిగా నడిపినంతసేపూ కనిపించలేదు. పూర్తి బూస్ట్ (టర్బో ఇచ్చే గరిష్ఠ గాలి ఒత్తిడి) మాత్రం ఇంకా ముట్టుకోలేదు. పావు ట్యాంకు ఖర్చయ్యాక తాజా 98 కలిపి, ఈసారి నాక్ రిటార్డ్‌ను, అంటే టైమింగ్ ఎంత వెనక్కి లాగిందో, సిలిండర్ వారీగా రికార్డ్ చేస్తూ ఫుల్ థ్రాటిల్ ఇస్తాను. ఆ గ్రాఫ్ తర్వాతి ఎంట్రీలో.