దిండు కింది డబ్బా

నల్లగొండలో మా వృద్ధాశ్రమంలో మూత్రం మంట అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎవరో ఒకరికి ఉండేదే. పనిచేసే పిల్లగాడు మెడికల్ షాపుకు పోయి గోళీలు తెచ్చేవాడు. రెండు రోజులకు మంట తగ్గితే మిగిలినవి డబ్బాలో వేసి దిండు కింద దాచుకునేదాన్ని. ఏడాదిలో నాలుగుసార్లు ఇట్లాగే నడిచింది. డాక్టరు చీటీ లేదు, పరీక్ష లేదు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని!

అయిదోసారి గోళీ పనిచేయలేదు. సాయంత్రం చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. ఆ రాత్రి సగమే గుర్తుంది. దేవరకొండ బడిలో పరీక్షలు జరుగుతున్నాయని, ప్రశ్నపత్రాల కట్ట కనబడట్లేదని గదంతా వెతికానట. స్విచ్‌బోర్డును బీరువా అనుకుని తాళంచెవి కోసం కొంగుముడి విప్పానట. నాకు తెలిసింది ఒక్కటే: చనిపోయి పదకొండేళ్లయిన మా ఆయన తలుపు దగ్గర నిలబడి "గంట కొట్టిన్రు, ఇంక పేపర్లు తీసుకో" అన్నాడు. వాచ్‌మన్ వచ్చి చూసి, "ముసలామెకు మతి పోయింది, పొద్దున చూద్దాం" అని మళ్లీ పడుకున్నాడు. పక్క మంచం అవ్వే తెల్లార్లూ నా చేయి పట్టుకుని కూర్చుంది. ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయిన మనిషి!

ఆసుపత్రిలో గ్లూకోజు, స్కానింగు, అన్నీ మామూలే. బీపీ పడిపోయిందట. ఒక డాక్టరు నా మంచం దగ్గరే మా అబ్బాయితో "ఈ వయసులో ఎంత ఖర్చు పెడతారో మీరే ఆలోచించుకోండి" అన్నాడు. కళ్లు మూసుకున్నాను గానీ చెవులు పనిచేస్తున్నాయి. వాడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కొద్దిసేపు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు. తర్వాత "చేయండి సార్" అన్నాడు. పాపం, హైదరాబాదు నుంచి ఉన్నపళంగా వచ్చాడు.

మూడో రోజు కల్చర్ రిపోర్టు వచ్చింది. మూత్రంలో ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష అది. ఈ.కోలై అనే సూక్ష్మజీవి. మందుల పేర్లకెదురుగా వరసగా 'ఆర్'. నేను మింగిన సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ రెండూ అందులోనే. కిందెక్కడో మెరోపెనెమ్‌కు 'ఎస్'. "ఆర్ అంటే మందుకు లొంగదు, ఎస్ అంటే లొంగుతుంది టీచరమ్మా. మీరు గోళీలు వేసుకున్నప్పుడల్లా మెత్తనివి చచ్చి మొండివి మిగిలినయ్" అని చిన్న డాక్టరమ్మ చెప్పింది. ఆమె చేతులు చల్లగుండాలి. ఎనిమిది గంటలకోసారి ఆ మెరోపెనెమ్ సూదిమందు, వారం పైన. నరం దొరక్క ఇద్దరు నర్సులు ఏడిపించారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు జ్వరంలో ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే మతి పోయిందనకండి, ఆసుపత్రికి తీసుకుపోండి. మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కివ్వండి. మూత్రం వాసనొస్తుందని మాత్రమే మందులు వద్దు. ఏ బాధా లేకున్నా ముసలివాళ్ల మూత్రంలో సూక్ష్మజీవులు కనబడతాయని ఆ డాక్టరమ్మే చెప్పింది.

చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కుకున్నాను. అమావాస్య రద్దీ నాకు కుదరదు, మామూలు రోజు పోయొస్తాను.

ఆశ్రమానికి వచ్చాక డబ్బా తీశాను. ఏడు గోళీలు మిగిలాయి. పట్టీ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంది. చీటీ లేనిదే వాడొద్దని గుర్తు. ఎర్ర సిరాతో అన్ని తప్పులు దిద్దిన నా కంటికి ఎన్నడూ ఆనలేదు.

పారేయబోతుంటే పక్క మంచం అవ్వ చేయి చాపింది.

"ఒక రెండు నాకుంచు బిడ్డా. పొద్దటి నుంచి మంటగుంది."