పక్క రాష్ట్రంలో చెల్లని ఓట్లు

ఎన్టీఆర్ ఛైర్మన్‌గా, వీపీ సింగ్ కన్వీనర్‌గా కాంగ్రెసేతర పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్ జనం ముందుకొచ్చింది మన చెన్నైలోనే, 1988 సెప్టెంబరు మెరీనా సభతో. అప్పటికి వీపీ సింగ్ పార్టీ జనతాదళ్ ఇంకా పుట్టలేదు. అది అక్టోబరు 11న బెంగళూరులో పుట్టింది. బజుల్లా రోడ్డులో ఇల్లు కట్టుకున్న సినిమా హీరో అదే ఊళ్లో దేశ రాజకీయాలకు పెద్దదిక్కుగా నిలబడ్డాడంటే ఇక్కడి తెలుగువాళ్లకు ముచ్చటే. కానీ టీ నగర్‌లో తెలుగు మాట్లాడే ఇంటి ఓటు కూడా తమిళనాడు పార్టీల లెక్కలోకే పోతుంది. తెలుగుదేశానికి దక్కేది చప్పట్లే.

ఆ ఫ్రంట్ బలహీనత మొదటి నుంచీ అదే. పొత్తు పండాలంటే ఓటు బదిలీ కావాలి. ఒక నియోజకవర్గంలో ఒకరికి 30 శాతం, ఇంకొకరికి 12 శాతం ఉంటే, కలిసినప్పుడు 38 శాతం ఉన్న ప్రత్యర్థిని దాటొచ్చు. ఆంధ్రలో తెలుగుదేశం, తమిళనాడులో డీఎంకే, అస్సాంలో అసోం గణ పరిషత్ (అగప): ఎవరి ఊరు వాళ్లదే. సీట్ల పంపకంలో గొడవ లేదు, అందుకే చకచకా కలిశారు. కలిసినా ఎవరికీ ఒక్క ఓటూ పెరగలేదు.

1989 లోక్‌సభ ఫలితాలు చూడండి. జనతాదళ్‌కు 143. తెలుగుదేశానికి 2. డీఎంకేకు సున్నా, అదీ అదే ఏడాది జనవరిలో రాష్ట్రాన్ని గెలిచాక! అస్సాంలో అసలు పోలింగే జరగలేదు. అయినా వీపీ సింగ్ ప్రభుత్వంలో ఉపేంద్ర (తెలుగుదేశం), మురసొలి మారన్ (డీఎంకే), దినేశ్ గోస్వామి (అగప) కేంద్ర మంత్రులయ్యారు. ప్రసార భారతి చట్టం, అంతర్రాష్ట్ర మండలి, కావేరీ ట్రిబ్యునల్ 1990లోనే వచ్చాయి. పదకొండు నెలల ప్రభుత్వానికి ఇది తక్కువ పనేం కాదు. బీజేపీ మద్దతు తీసేశాక నవంబరు 7న విశ్వాస తీర్మానానికి 142 ఓట్లే పడ్డాయి, వ్యతిరేకంగా 346.

1996లో దేవెగౌడను ప్రధానిని చేసిన కొత్త కూటమి యునైటెడ్ ఫ్రంట్‌లో సీట్లు నిజంగానే ఉన్నాయి: తమిళ మానిల కాంగ్రెస్ 20, డీఎంకే 17, తెలుగుదేశం 16. సీపీఐ మంత్రివర్గంలోకే వచ్చింది, సీపీఎం బయటే ఉంది. చిక్కల్లా బయటి నుంచి నిలబెట్టిన కాంగ్రెస్‌తోనే. ఆంధ్రలో తెలుగుదేశానికి అప్పట్లో అసలు ప్రత్యర్థి ఆ పార్టీయే. పైగా బయటి మద్దతుకు కాలపరిమితి ఉండదు, పూచీ ఉండదు. రాష్ట్రపతికి ఒక్క ఉత్తరం రాస్తే చాలు, ప్రధాని సభలో బలం చూపించుకోవాల్సిందే. 1997 మార్చి 30న కాంగ్రెస్ అధ్యక్షుడు కేసరి రాసిన ఉత్తరంతో దేవెగౌడ ఏప్రిల్ 11న 158–292తో ఓడారు. తర్వాత ప్రధాని అయిన గుజ్రాల్, కాంగ్రెస్ పట్టుబట్టినా డీఎంకే మంత్రుల్ని తప్పించనన్నారు. నవంబరులో అదే ఉత్తరం మళ్లీ వెళ్లింది. (ఆ ఒక్క విషయంలో ఆయన మాట మీద నిలబడ్డారు, ఒప్పుకోవాలి.)

1998లో ఆంధ్రలో తెలుగుదేశం 12కి పడిపోయింది. బీజేపీకి నాలుగు సీట్లే వచ్చినా ఓట్లు మాత్రం సుమారు 18 శాతం. సొంత గడ్డ మీదే కలుపుకోవడానికి ఓట్లు కనిపించాక చంద్రబాబు ఫ్రంట్‌లో ఉంటారా? అప్పటిదాకా దాని కన్వీనర్ ఆయనే. 1999లో ఇద్దరూ కలిసి 42లో 36 గెలిచారు. డీఎంకే కూడా అదే ఎన్నికలో బీజేపీ పక్కన చేరింది.