గురజాడ వారి గడపలో

పొద్దున్నే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో పాసింజరెక్కి, మేనల్లుడితో విజయనగరం వెళ్లాను. వాడు పదో తరగతి. గురజాడ అప్పారావుగారి ఇల్లు చూపిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. స్టేషన్ బయట ఆటో అతను ‘‘అప్పారావుగారిల్లే కదా బాబూ, ఎక్కండి’’ అన్నాడు. అడ్రసు చెప్పే పనే లేకపోయింది. నాకెంత సంతోషం వేసిందో!

ఇల్లు ఇప్పుడు స్మారకం. ఆయన వస్తువులూ ఫొటోలూ చూస్తూ మెల్లగా తిరిగాం. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే అంటే మావాడు నమ్మలేనట్టు చూశాడు.

నాకు మాత్రం ఇంకో ఇల్లు గుర్తొస్తూనే ఉంది. నిరుడు అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాల్డెన్ చెరువు చూశాను. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1845లో దాని ఒడ్డున చిన్న చెక్క ఇల్లు కట్టుకుని రెండేళ్ల పైన ఉన్నాడు. ఆయన వెళ్లిపోయాక ఆ ఇంటిని వేరే చోటికి తరలించారు. చివరికి విప్పేసి చెక్కలు ఇతర పనులకు వాడేశారు. సరిగ్గా వందేళ్లకు, 1945లో, ఒకాయన తవ్వి పొగగొట్టం పునాది బయటపెట్టాడు. ఇప్పుడు కార్లు ఆపే చోటికి దగ్గర్లో అదే కొలతలతో కొత్త ఇల్లు ఉంది. పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. లోపల మంచం, రాతబల్ల, మూడు కుర్చీలు. అసలు చోట మాత్రం ఇల్లు కట్టకుండా రాతి స్తంభాలు పాతి వదిలారు. ఎంత మర్యాదైన పనో అనిపించింది. కొత్తదాన్ని పాతదని నమ్మించే పని పెట్టుకోలేదు.

అలా కట్టగలిగారంటే, థోరో కొలతలు రాసిపెట్టబట్టే. మేకులతో సహా లెక్క వేసి, మొత్తం ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని రాశాడు. ఆయన 1862 మేలో పోయాడు. అదే ఏడు సెప్టెంబరులో గురజాడ పుట్టారు. ఇద్దరూ డైరీలు రాసినవాళ్లే.

‘‘మామయ్యా, మరి మన తాతగారి చుట్టిల్లో?’’ అన్నాడు మావాడు.

గుండెలో కలుక్కుమంది. ఉద్దానంలో మా నాన్నగారి తాటాకుల చుట్టిల్లు 2018లో తిత్లీ తుపానుకి పోయింది. కొలతలు కాదు కదా, ఒక్క ఫొటో కూడా లేదు.

బయట అరుగు మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. ‘‘ఇప్పుడెందుకురా అది?’’ అంటూనే చెప్పడం మొదలుపెట్టింది. నడిమధ్య నిట్రాడ. గుమ్మం తూర్పుకి. వంగితే తప్ప లోపలికి వెళ్లలేం. ‘‘నలుగురం పడుకుంటే మీ నాన్న కాళ్లు గోడకి తగిలీవి. ఆయన ఎంత పొడుగో నీకు తెల్దేటి?’’

మావాడు నోటుబుక్కు తీసి గుండ్రంగా గీత గీశాడు. మధ్యలో చుక్క పెట్టి, ‘‘పొయ్యి ఎటువైపు, అమ్మమ్మా?’’ అని అడిగాడు.