పురుగు వీపు మీద ఏ పలక ఏది?

"వీపు నల్లగా మెరుస్తోంది, ఇదేం పురుగు?" అని ఫొటో పెట్టి అడుగుతుంటారు. అది పెంకు పురుగైతే, మెరిసేది చాలావరకు వీపు కాదు. ఆ గట్టి డొప్పలు ముందు జత రెక్కలు, వాటినే ఎలైట్రా అంటారు. పొట్ట పైభాగం వాటి కింద దాక్కుని ఉంటుంది.

పలకలు నేర్చుకోవడానికి బొద్దింకే మేలు. దాని ఒళ్లు వరుస ముక్కలుగా, అంటే ఖండితాలుగా ఉంటుంది. ప్రతి ఖండితానికీ పైన పలక టెర్గం, కింద స్టెర్నం, పక్కల ప్లూరాన్. వక్షం (తలకూ పొట్టకూ మధ్య భాగం) మీది టెర్గాన్ని నోటం అంటారు. వక్షానికి 3 ఖండితాలు కాబట్టి ముందు నుంచి వరుసగా ప్రోనోటం, మీసోనోటం, మెటానోటం. బొద్దింక తల అని చాలామంది అనుకునేది ప్రోనోటమే. తల దాని కింద వంగి ఉంటుంది. పొట్టకు 10 టెర్గాలు. ఆడ బొద్దింకలో 8, 9 పలకలు 7వ దాని కిందికి పోతాయి, పైనుంచి లెక్కపెడితే తక్కువొస్తాయి.

దోమకు ఎగరడానికి ఒక్క జత రెక్కలే. వాటిని ఆడించే కండరాలన్నీ మధ్య వక్షంలో ఉంటాయి, అందుకే పైన కనిపించే గూని దాదాపు మొత్తం మీసోనోటమే. అందులో పెద్ద భాగం స్క్యూటం, దాని వెనక సన్నటి పట్టీ స్క్యూటెల్లం. డెంగీ దోమల్ని ఇక్కడే విడదీస్తారు. స్క్యూటం నడిమధ్య ఒకే తెల్ల చార ఉంటే ఈడిస్ ఆల్బోపిక్టస్. పక్కల వంపు తిరిగిన రెండు తెల్ల గీతలు, వాటి నడుమ సన్నటి జంట గీతలు ఉంటే ఈడిస్ ఈజిప్టై. స్క్యూటెల్లం వెనక అంచు ఒకే వంపుగా ఉంటే సాధారణంగా అనాఫిలిస్. మూడు తమ్మెలుగా ఉంటే క్యూలెక్స్, ఈడిస్‌ల వైపు.

ఆ తెల్లదనం రంగు కాదు, పొలుసులు. చేత్తో కొట్టినా, వేళ్లతో పట్టుకున్నా రాలిపోతాయి, ఇక గుర్తు పట్టేదేమీ ఉండదు. డబ్బాలో పట్టి ఫ్రీజర్‌లో పెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా 10 రెట్ల భూతద్దంతో చూడాలి.

స్క్యూటం అనే మాట గోమార్లకూ వాడతారు, కానీ అది వేరే పలక. గట్టి గోమార్లలో మగదానికి వీపంతా, ఆడదానికి ముందు భాగం వరకే ఉంటుంది. ఆడది రక్తం తాగి ఉబ్బినా ఈ పలక సాగదు, వెనక చర్మమే సాగుతుంది.

నల్లి జాతిలో (మంచం నల్లి ఒక్కటే కాదు, సూది లాంటి నోటితో పీల్చే హెమిప్టెరా పురుగులు) స్క్యూటెల్లం రెక్కల మధ్య త్రికోణం. కొన్నిట్లో అదే పెరిగి పొట్టంతా కప్పేసి అచ్చం పెంకు పురుగులా కనిపిస్తుంది. డొప్ప నడుమ నిలువునా గీత ఉందా చూడండి: ఉంటే పెంకు పురుగు, ఒకే పలకైతే నల్లి.

చచ్చిన పురుగును సేకరణలో దాచడానికి సూది గుచ్చేటప్పుడు కూడా ఈ పలకలే లెక్క. పెంకు పురుగుకు కుడి ఎలైట్రాలో, నల్లికి స్క్యూటెల్లంలో కాస్త కుడికి, ఈగకు వక్షం మీద కుడి పక్కకు. నడిమధ్య గుచ్చితే గుర్తులు పోతాయి. కుడికి గుచ్చితే ఎడమ సగమైనా చెక్కుచెదరకుండా మిగులుతుంది.